బైపాస్ పనిలో బయటపడిన కాలిన మట్టి వలయం: ఇది కుమ్మరి ఆమేనా? కట్ట పోసేలోగా ఏం చేయాలి?

పాలేటిగట్టు:

అందరికీ నమస్కారం. ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ఒక ఊరికి బైపాస్ రోడ్డు వేస్తున్నారు. రోడ్డుకు మట్టి కట్ట పోయడానికి ముందు ప్రొక్లెయిన్‌తో పైమట్టి గీకుతుండగా, నల్లరేగడి మధ్యలో ఇటుక రంగుకు తిరిగిన మట్టి వలయం ఒకటి బయటపడింది. అడ్డంగా కొలిస్తే రెండు మీటర్లకు కొంచెం తక్కువ ఉంది. లోపలంతా బూడిద, బొగ్గు, చిల్లపెంకులు. ఒక పక్క వలయం తెగిపోయి, అక్కడినుంచి నల్లటి చార ఒకటి బయటికి సాగింది. ఊళ్ళో కొందరు కుమ్మరి ఆము, అంటే కుండలు కాల్చే బట్టీ, అంటున్నారు, కొందరు సున్నపు బట్టీ అంటున్నారు, ఇనుము తీసిన కొలిమి అనే వాళ్ళూ ఉన్నారు. తాసీల్దారు గారు అక్కడ పని ఆపించారు. పురావస్తు శాఖకు వర్తమానం వెళ్ళింది, వాళ్ళు వచ్చి చూస్తామన్నారు.

ఊరి పేరు, సర్వే నంబరు కావాలనే రాయడం లేదు. ఇదే జిల్లాలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న చందవరం బౌద్ధ స్తూపం నుంచి పోయిన శిల్పం ఒకటి ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరి, 2016లో తిరిగి మన దేశానికి వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గుప్తనిధుల కోసం రాత్రిపూట తవ్వేవాళ్ళు మా చుట్టుపక్కల ఇప్పటికీ ఉన్నారు.

నేను అడగదలచినవి రెండు. ఇది ఆమో కాదో ఎలా తేల్చుకోవాలి? శాఖవాళ్ళు వచ్చేలోగా ఊరివాళ్ళం ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు?

తవ్వకాల విద్యార్థి:

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే దానికి వ్యవధి లేదు. బయటపడిన భాగం మీద టార్పాలిన్ కప్పి, అంచుల చుట్టూ మట్టి బస్తాలు పెట్టండి. ఎండకు నల్లరేగడి నెర్రెలు విచ్చితే కాలిన గోడ కూడా వాటితోపాటు విడిపోతుంది. వాన పడితే బూడిద కొట్టుకుపోతుంది. ఒక్క పెంకు కూడా తీయవద్దు, బాగున్నవి ఏరి పక్కన పెట్టడం అసలే వద్దు. యంత్రం అప్పటికే గీకి పక్కన పోసిన మట్టికుప్పను లారీలకు ఎత్తనివ్వకండి, అందులోనూ ఆధారం ఉంటుంది. పైనుంచి, నాలుగు దిక్కులనుంచి, పక్కన కొలత పట్టీ పెట్టి, ఉత్తరం గుర్తు కనిపించేలా ఫొటోలు తీయండి.

ఇక మొదటి ప్రశ్న. మట్టి ఎర్రబడినంత మాత్రాన అది ఆము అయిపోదు. పొలం బాగుచేసేటప్పుడు తాటి మొద్దుకో చింత మొద్దుకో నిప్పు పెడితే అది రోజుల తరబడి లోలోపల రగులుతుంది, చుట్టూ మట్టి ఇలాగే ఎర్రబడుతుంది. అయితే అలాంటి చోట ఆకారానికి ఒక తీరు ఉండదు, వేళ్ళు పోయిన దారుల్లో ఎరుపు పాయలుగా కిందికి దిగుతుంది. మనిషి కట్టిన గోడ అయితే మందం ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. లోపలి ముఖం ఎక్కువ కాలి గట్టిపడి బూడిదరంగుకో నలుపుకో తిరుగుతుంది, బయటికి వచ్చేకొద్దీ ఎరుపు, ఆ తరువాత నారింజ, చివరికి మామూలు మట్టి. ఈ వరుస గోడను అడ్డంగా కోసి చూస్తేగానీ కనబడదు. ఆ కోత శాఖవాళ్ళే కోయాలి.

ఇనుప కొలిమి అయితే చిట్టెం, అంటే ఇనుము తీయగా మిగిలిన కరుగు మడ్డి, దొరకాలి. చిట్టెం పరిమాణానికి మించి బరువుగా ఉంటుంది, కరిగి జారిన గుర్తులు దాని మీద ఉంటాయి. తిత్తి గాలిని లోపలికి పంపిన మట్టి గొట్టాల ముక్కలు, కొస కరిగి గాజులా మారినవి, తప్పకుండా ఉంటాయి. ఇనుము తీయడానికి సుమారు 1,200 డిగ్రీల వేడి కావాలి, మట్టి కుండలు 600 నుంచి 900 డిగ్రీల మధ్యనే కాలి గట్టిపడతాయి. ఆ తేడా గోడ మీద దాగదు. మీరు చెప్పిన నల్లటి చార మంట పెట్టే ద్వారం కావచ్చు, లోపలి బూడిదను గోకి బయటికి లాగిన దారి కావచ్చు. పెంకుల్లో వంకర తిరిగినవి, పొంగి బుడగలెత్తినవి, ఒకదానికొకటి అతుక్కున్నవి ఏమైనా కనిపిస్తున్నాయా? చేత్తో తాకకుండా చూసి చెప్పండి.

కుమ్మరివీధి:

మా తాతల కాలంనుంచి మాది కుండలు చేసే ఇల్లే. నేను చూసిన ఆము గురించి చెబుతాను. ఊళ్ళలో ఇప్పటికీ కాల్చే ఆముకు శాశ్వతమైన గోడ ఉండదు. నేలను కొద్దిగా పళ్ళెంలా తవ్వి, పిడకలు, కట్టెలు పరిచి, ఆరిన పచ్చి కుండలను బోర్లించి వరుసలుగా పేర్చి, సందుల్లో మళ్ళీ పిడకలు కూరి, పైన పాత పెంకులు, వరిగడ్డి కప్పి, బురదమట్టితో మెత్తుతారు. గాలికి కింద రంధ్రాలు వదులుతారు. కాల్చి తీసిన తరువాత మిగిలేది నాలుగు వేళ్ళ లోతు ఎర్రమట్టి, దాని మీద బూడిద, అంతే. అందువల్ల మీకు కనిపిస్తున్న వలయం నిజంగా గోడే అయితే, అది మేము కాల్చే తరహా ఆము కాదు. కింద మంట గది, పైన కుండల గది ఉన్న కట్టుడు ఆము కావాలి.

అలాంటిదైతే రెండు గదుల మధ్య చిల్లులున్న మట్టి పలక ఉండి తీరాలి. అది కూలిపోయి ఉన్నా, వేలు పట్టేంత రంధ్రాలున్న మందపాటి మట్టి ముక్కలు బూడిదలో కలిసి ఉంటాయి. వాటికోసం చూడమని శాఖవాళ్ళకు చెప్పండి.

ఇంకొక మాట. ఏ కుమ్మరీ మట్టికీ నీళ్ళకూ దూరంగా ఆము పెట్టుకోడు. ఊరి మీదికి పొగ రాకుండా గాలివాటం కూడా చూసుకుంటాడు. చుట్టుపక్కల చెరువు మట్టి తవ్విన పల్లం, పగిలినవి పారేసిన కుప్ప, కుండలు ఆరబెట్టడానికి చదునుచేసిన జాగా ఉండాలి. మీరంతా వలయాన్నే చూస్తున్నారు. దాని చుట్టూ నలభై యాభై అడుగులు చూడండి.

సైట్ ఇంజినీరు:

ఇలాంటి రోడ్డు పనుల్లోనే ఉన్నాను కాబట్టి ఆ పక్కనుంచి ఒక మాట. ఏదైనా బయటపడిందనగానే మొత్తం పని ఆగిపోతుందని కాంట్రాక్టర్లు భయపడతారు, ఆ భయం వల్లే చాలాచోట్ల డ్రైవరు చూసీ చూడనట్టు బకెట్ తిప్పేస్తాడు. నిజానికి అంత భయపడవలసిన పని లేదు. తవ్వకంలో దొరికే పురాతన వస్తువులను కదల్చకుండా వెంటనే ఇంజినీరుకు తెలియజేయాలనే షరతు ఇలాంటి కాంట్రాక్టు పత్రాల్లో సాధారణంగా ఉంటుంది, దానివల్ల జరిగిన జాప్యానికి గడువు పొడిగింపు అడిగే దారీ ఉంటుంది. బైపాస్ పొడవులో యాభై అరవై మీటర్లు వదిలేసి, అవతలి కల్వర్టు పని ముందుకు జరుపుకోవచ్చు. కట్ట పని ముక్కలు ముక్కలుగా చేసేదే.

కానీ వదిలిన ముక్కకు ఒక గడువు ఉండాలి. ఎప్పటికి తిరిగి ఇస్తారో తెలియకపోతే పై అధికారుల ఒత్తిడి కింద సైట్‌లో ఉన్న వాడు నలిగిపోతాడు. పురావస్తు శాఖ మొదటి రోజే ‘ఇంత భాగం మాకు కావాలి, ఇన్ని వారాలు కావాలి’ అని కాగితం మీద రాసి ఇస్తే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

పాటిచేను:

ఆ బైపాస్‌కు పోయిన పొలంలో కొంత మాది. మిగిలిన చెక్క పక్కనే ఉంది. దాన్ని ఊళ్ళో అందరూ పాటిచేను అంటారు. మా పెద్దవాళ్ళు వేసవిలో అక్కడి పాటిమన్ను, అంటే పాత ఊరి దిబ్బ మట్టి, బండ్ల మీద తోలుకుపోయి మిగతా పొలాలకు ఎరువుగా చల్లేవాళ్ళు. దున్నితే పెంకులు, పూసలు, అప్పుడప్పుడు పెద్ద పెద్ద ఇటుకలు లేచేవి. ఇప్పుడు ఈ సంగతి బయటికి పొక్కితే మిగిలిన చెక్కను కూడా ప్రభుత్వం తీసుకుంటుందని, బోరు కూడా వేయనివ్వరని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. పురావస్తువులంటే నాకూ గౌరవమే. అయితే మా బతుకు కూడా ఆ నేల మీదే ఉంది.

రికార్డు గది:

రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. పాటిచేను గారి భయం న్యాయమైనదే, అందుకని చట్టంలో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. వంద మీటర్ల లోపు కట్టడాలు నిషేధం, ఆపైన మరో రెండు వందల మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి అనే నియమం 1958 నాటి కేంద్ర చట్టంలోకి 2010లో చేసిన సవరణతో చేరింది. అది కేంద్రం రక్షిత స్థలంగా ప్రకటించిన చోట్లకు వర్తిస్తుంది. నేలలో ఒక ఆము బయటపడినంత మాత్రాన చుట్టుపక్కల పొలాలు ఆ నియమం కిందికి రావు. ప్రకటించదలచుకుంటే ముందుగా నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం చెప్పుకోవడానికి రెండు నెలల వ్యవధి ఉంటుంది. రాష్ట్ర శాఖ తవ్వకం చేపట్టాలన్నా అదే చట్టం ప్రకారం కేంద్రం ముందస్తు ఆమోదం కావాలి. శాఖవాళ్ళు వచ్చి చూసిన వెంటనే పార పట్టకపోతే నిర్లక్ష్యమని అనుకోకండి.

నాణేలో నగలో దొరికితే మాత్రం లెక్క వేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ ఉన్న నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెట్టడం నేరం. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది, తవ్వితే చిన్న గుడి శిథిలాల కింద రోమను బంగారు నాణేల కుండ దొరికింది, వాటిలో చాలా నాణేలు కరిగించేశారు. అవి ఏ పొరలో దొరికాయో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

పాత రికార్డులు వెతకదలచిన వారికి ఒక సూచన. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. అంతకుముందు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో, ఒంగోలు, అద్దంకి గుంటూరు జిల్లాలో, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. కాబట్టి మీ ఊరి పాటిదిబ్బ గురించి ఎవరైనా రాసి ఉంటే అది ప్రకాశం పేరు కింద కనబడకపోవచ్చు.

పాలేటిగట్టు:

అందరికీ ధన్యవాదాలు. శాఖవాళ్ళు వచ్చారు, అనుమతి వచ్చాక తవ్వకం మొదలైంది. వలయాన్ని నాలుగు భాగాలుగా దారంతో విభజించి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలను మాత్రమే ముందు తవ్వారు. మిగతా రెండింటిని నిలువుగా వదలడం వల్ల ఏ పొర మీద ఏ పొర పడిందో వాటి కోత అంచులో స్పష్టంగా కనిపిస్తోంది. అడుగున పలచని బూడిద, దాని మీద కూలిన ఎర్రటి ముక్కలు, వాటి మీద మళ్ళీ బూడిద, ఆపైన పెంకులు కలిసిన నల్లమట్టి ఉన్నాయి. కుమ్మరివీధి గారు చెప్పినట్టే చిల్లులున్న మట్టి ముక్కలు దొరికాయి. వంకర తిరిగిన మూతి ముక్కలు కూడా ఉన్నాయి. చిట్టెం గానీ గొట్టాలు గానీ ఇంతవరకు రాలేదు.

ఒక మూల మాత్రం తెల్లటి ముద్దలు కనబడ్డాయి. దాంతో సున్నపు బట్టీ అనే వాదం ఊళ్ళో మళ్ళీ లేచింది.

కృష్ణపట్నం దారి:

నెల్లూరు తీరంనుంచి రాస్తున్నాను. మా వైపు నత్తగుల్లలు, ఆల్చిప్పలు కాల్చి గుల్లసున్నం తీసే బట్టీలు ఉండేవి. సున్నపు బట్టీలో తెల్లదనం ఒక మూలకు పరిమితం కాదు. గోడకంతా పూతలా పట్టి ఉంటుంది, అడుగున సగం కాలిన గుల్లలో సున్నపురాళ్ళో మిగులుతాయి. నల్లరేగడిలో సున్నపు గడ్డలు సహజంగానే ఉంటాయి, వాటిని మనం కంకర అంటాం. ఆ మూల పక్కనున్న మట్టిలోనూ అలాంటివే ఉన్నాయేమో ముందు చూడాలి. నిమ్మరసం చుక్క వేస్తే పొంగుతుంది కదా అని ఎవరైనా అనవచ్చు, కానీ కంకర కూడా పొంగుతుంది. దానివల్ల తేలేది ఏమీ లేదు.

తవ్వకాల విద్యార్థి:

చిల్లుల పలక, పాడైన కుండలు, రెండు విడతల బూడిద కలిసి దొరికాయి కాబట్టి ఇది కుండలు కాల్చిన కట్టుడు ఆము అని ధైర్యంగా అనవచ్చునని నా అభిప్రాయం. మధ్యలో ఒకసారి పలక కూలితే బాగుచేసుకుని మళ్ళీ వాడారని ఆ పొరల వరుస చెబుతోంది. ఒక పనివాడి మరమ్మతు మనకు ఇంత స్పష్టంగా కనబడడం మామూలు విషయం కాదు.

ఇప్పుడు కాలనిర్ణయం. పెంకులు లోపల నల్లగా, బయట ఎర్రగా ఉన్నాయని చెప్పి శాతవాహనులనో, పెద్ద రాళ్ళ సమాధులు కట్టిన బృహచ్ఛిలాయుగమనో వెంటనే రాసేయకూడదు. ఆ తరహా కుండలు చాలా శతాబ్దాలపాటు వాడుకలో ఉన్నాయి. బొగ్గు వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షకు పంపేటప్పుడు లావు దుంగ బొగ్గు కాకుండా సన్నని పుల్ల, ఊక, గడ్డి వంటివి ఎంచుకోవాలి. చెట్టు నడిమి చేవ కాల్చే నాటికే వందేళ్ళ ముందుది కావచ్చు, అప్పుడు ఆము వయసు కూడా అంత ఎక్కువగా తేలుతుంది. బూడిద మట్టిని నీళ్ళలో తేల్చి వడగడితే కాలిన గింజలు పైకి వస్తాయి. పరీక్షకు వాటికి మించినవి లేవు, పైగా ఆనాటి పంటలేమిటో కూడా తెలుస్తుంది.

ఈ గోడ ఇంకొక విధంగా కూడా ఉపయోగపడుతుంది. మట్టిలోని ఇనుప ఖనిజాలు బాగా కాగి చల్లారేటప్పుడు ఆనాటి భూమి అయస్కాంత దిశను తమలో నిలుపుకుంటాయి. మాగ్నటైటు విషయంలో ఆ హద్దు సుమారు 580 డిగ్రీలు. ఆఖరిసారి మంట ఆరిన నాటి దిశ ఆ గోడలో ఇంకా ఉంది. అయితే గోడ కదలక ముందే ముక్క మీద ఉత్తరం, మట్టం గుర్తించి తీయాలి. ఒకసారి యంత్రం తగిలి పక్కకు ఒరిగితే ఆ ఆధారం శాశ్వతంగా పోయినట్టే. తీసే నమూనాలు తక్కువైనా సరే, ఈ పని మాత్రం జరిగేలా శాఖవారిని ప్రత్యేకంగా అడగండి.

మోటుపల్లి రేవు:

నాకు ఒక బాధ ఉంది, చెప్పకుండా ఉండలేను. ఇంత విలువైనది దొరికిన తరువాత దాని మీద కట్ట పోయడం ఏమిటి? రోడ్డును కొంచెం పక్కకు జరపలేరా? కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు ఇచ్చిన అభయ శాసనం నిలిచిన మోటుపల్లి మాది. శాసనం ఉన్న చోటనే ఉన్నప్పుడు దాని ముందు నిలబడి చదివితే కలిగే భావం, మ్యూజియంలో ఫొటో చూస్తే కలగదు.

సైట్ ఇంజినీరు:

మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇక్కడ వంపు తిప్పితే ఇంకో ముగ్గురు రైతుల పొలం కొత్తగా సేకరించాలి, వంపు బిగుసుకుంటే ప్రమాదాలు పెరుగుతాయి. ఆ ఊరి నడిబొడ్డునుంచి గ్రానైట్ లారీలు పోకుండా ఉండడానికే బైపాస్ అడిగారు.

తవ్వకాల విద్యార్థి:

మోటుపల్లి రేవు గారూ, శాసనం రాతి మీద ఉంది, అది నిలబడగలదు. ఇది కాలీ కాలని మట్టి. కప్పు వేసి, నీరు పోయే ఏర్పాటు చేసి, కాపలా పెట్టకపోతే రెండు వానాకాలాలకు మించి నిలవదు. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు సాగిన తవ్వకాలు జలాశయం నిండేలోగా చేసినవే. లోయ మునిగిపోయింది, కానీ పటాలు, కొలతలు, పొరల వివరాలు నిలిచాయి కాబట్టే ఇక్ష్వాకుల నగరం గురించి నేడు మాట్లాడగలుగుతున్నాం. పూర్తిగా తవ్వి, పూర్తిగా రాసిపెట్టి, ఆ తరువాత కట్ట పోయడానికి నాకు అభ్యంతరం లేదు. సగం తవ్వి, ఏమీ ప్రచురించకుండా కట్ట పోస్తేనే అభ్యంతరం.

నన్ను ఇంతకన్నా ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. కుమ్మరివీధి గారు మొదటే చెప్పిన పారేసిన కుప్ప ఇంకా దొరకలేదు. ఆములోపల మిగిలేవి ఆఖరి విడత కుండలు మాత్రమే. ఆ కుమ్మరి ఏళ్ళ తరబడి ఏమేం చేశాడో, మూతుల ఆకారం ఎలా మారుతూ వచ్చిందో చెప్పేది ఆ కుప్పే. మంట ద్వారం ఎటు ఉందో ఇప్పుడు తెలిసింది, బూడిద లాగి పోసేది సాధారణంగా ఆ పక్కకే. ఫొటోలను బట్టి చూస్తే అది ఉత్తరం వైపు, ఇంకా పైమట్టి తీయని రోడ్డు ముక్కలోకి పోతోంది. శాఖవాళ్ళు అక్కడ చూశారా?

పాలేటిగట్టు:

ఈ రోజు వారిని అడిగాను. వారికి ఇచ్చిన హద్దు ఆము చుట్టూ ఐదు మీటర్ల వరకే ఉంది. ఉత్తరం ముక్కలో పైమట్టి తీసే పని వచ్చే వారం మొదలవుతుందట.

పాటిచేను:

ఉత్తరం వైపు పెంకులు చాలా ఎక్కువ. ఆ ముక్క మా పొలంలోనిదే. అక్కడ నాగలి సరిగా దిగేది కాదు. వంకర కుండ ముక్కలు గట్టు మీద పోసేవాళ్ళం. గట్టు ఎక్కడ ఉండేదో నేను వచ్చి చూపిస్తాను.

సైట్ ఇంజినీరు:

పాలేటిగట్టు గారూ, మీ సైట్‌లోని ఇంజినీరుకు ఈ మాట చెప్పండి. ఉత్తరం ముక్కలో పైమట్టిని మామూలుగా తీసేది పళ్ళున్న బకెట్‌తో, ఒకేసారి అడుగు లోతు. దానికి బదులు పళ్ళు లేని వెడల్పు బకెట్ తగిలించి, యంత్రాన్ని వెనక్కి నడుపుకుంటూ ఒక్కో గీతకు నాలుగైదు వేళ్ళ మందం మాత్రమే తీయమనాలి. వెనక్కి నడిస్తే గీకిన నేల మీద చెయిన్లు తిరగవు. శాఖనుంచి ఒక మనిషి పక్కనే నిలబడి, బూడిదరంగు కనబడగానే చెయ్యి ఎత్తితే డ్రైవరు ఆపాలి. ఈ పద్ధతిలో రెండు రోజులు ఆలస్యమవుతుంది, అంతకు మించి కాదు. హద్దు పెంచమని శాఖవారు రాసే లేఖలో పాటిచేను గారు చూపించే గట్టు చోటును కొలిచి, చైనేజీతో (రోడ్డు మొదలునుంచి ఎంత దూరమో చెప్పే కొలతతో) సహా పెడితే, ప్రాజెక్టు కార్యాలయంలో దాన్ని పక్కన పెట్టడం కష్టం. ఆ లేఖ వచ్చే వారంలోగా చేరాలి.